డబ్బా కంటే ముందు డాబా చూడండి

చెన్నై కొళత్తూరులో మీ సొంత ఇల్లు. కింది వాటా అద్దెకిచ్చి పైన మీరుంటున్నారు. డాబా సుమారు వెయ్యి చదరపు అడుగులు. ఏసీ ఒక్క పడకగదికే. అత్తగారు హాల్లో ఫ్యాను కింద పడుకుంటారు, రాత్రి పదకొండు దాటినా ఆవిడకు కన్ను మూతపడదు. ఒక డీలరు వచ్చి, డాబా మీద కూల్ రూఫ్ కోటింగ్, అంటే ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేస్తే గది 10 డిగ్రీలు చల్లబడుతుందని, కరెంటు బిల్లు 40 శాతం తగ్గుతుందని చెప్పి చదరపు అడుగుకు 45 రూపాయలు అడిగాడు. మాటల మధ్యలో, నీళ్ల ట్యాంకు దిమ్మె కింద సీలింగ్‌కి తడి మరక ఉందని కూడా రాశారు. వేయించాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

వేయించండి. కానీ ఆయన చెప్పిన రెండు అంకెలూ పక్కన పెట్టండి. నేను ఇరవై మూడేళ్లుగా చెన్నైలో డాబాల పనే చేస్తున్నాను. మాది సూళ్లూరుపేట, ఉండేది విల్లివాక్కంలో, అదీ పై అంతస్తులోనే. కాబట్టి ఇది నాకు తెలిసిన పనే కాదు, తెలిసిన ఉక్క కూడా.

ముందు మీ అత్తగారి నిద్ర సంగతి. ఇవాళ రాత్రి తొమ్మిదింటికి ఒక స్టూలు ఎక్కి అరచేయి సీలింగ్‌కి ఆనించి చూడండి. అప్పుడే ఇస్త్రీ చేసి మడతపెట్టిన చీరలా వెచ్చగా తగులుతుంది. ఆ వేడి అప్పటిది కాదు, మధ్యాహ్నానిది. అయిదారు అంగుళాల కాంక్రీటు గుండా వేడి కింది ముఖానికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. రెండింటికి తాగిన ఎండను శ్లాబు సాయంత్రం ఆరేడు నుంచి మీ మీద కక్కుతుంది. అప్పటికి బయట సముద్రపు గాలి తిరిగి వీధిలో హాయిగానే ఉంటుంది, ఇంట్లో మాత్రం నెత్తిమీద కుంపటి పెట్టుకున్నట్టు ఉంటుంది. పైగా సీలింగ్ వేడి గాలి ద్వారా మాత్రమే రాదు. పొయ్యి ఎదురుగా నిలబడితే మొహానికి సెగ కొట్టినట్టు నేరుగా ఒంటికే తగులుతుంది. ఫ్యాను ఆ సెగను ఆపలేదు. గోడకున్న థర్మామీటరు 32 చూపించినా పెద్దావిడకు నిద్ర పట్టకపోవడానికి కారణం అది.

డాబా మీదే ఇంత పడటానికి కారణం మనం ఉన్న చోటు. చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఒకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ నెలల్లో గోడల మీద ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి తక్కువ, డాబా మీద నిలువుగా పడుతుంది కాబట్టి ఎక్కువ. నడిమధ్యాహ్నం ఒక్కో చదరపు మీటరు మీద 900 వాట్ల పైచిలుకు. మీ డాబా 93 చదరపు మీటర్లు. ప్రతి మీటరు మీదా ఒక ఇస్త్రీపెట్టె ఆన్ చేసి బోర్లించినట్టు ఊహించుకోండి. మాసిన సిమెంటు డాబా అందులో మూడో వంతు కూడా తిప్పికొట్టదు, మిగతాదంతా మింగుతుంది. మంచి తెల్ల పూత కొత్తగా ఉన్నప్పుడు 80 శాతం దాకా తిప్పికొడుతుంది.

(మా తమ్ముడు బెంగళూరులో పై అంతస్తులోనే ఉంటాడు. దాదాపు అదే అక్షాంశం, అదే నడినెత్తి ఎండ. కానీ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. రాత్రి కిటికీలు తెరిస్తే చాలు, శ్లాబు చల్లారిపోతుంది. మనకు మే నెలలో తెల్లవారుజామున కూడా 28 కిందికి దిగడం కష్టం, ఆపైన తేమ. కాబట్టి అక్కడివాళ్లు ‘అవసరం లేదు’ అంటే అది వాళ్ల ఊరికి సరిపోయే మాట.)

ఇక పూత సంగతి. అది చేయాల్సిన పనులు రెండు. పడ్డ ఎండను తిప్పికొట్టడం ఒకటి, ఎలాగూ మింగిన కొద్దిపాటి వేడిని ఆకాశంలోకి త్వరగా వదిలేయడం రెండోది. రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. ఎండలో పెట్టిన స్టీలు బిందె చూడండి, తళతళా మెరుస్తుంది, ముట్టుకుంటే చురుక్కుమంటుంది. మెరుపు ఉంది కాబట్టి కొంత ఎండ తిప్పికొట్టింది, కానీ లోపలికెళ్లిన వేడిని వదలడం లోహానికి చేతకాదు. వెండిరంగు అల్యూమినియం పెయింటు డాబాకి వేసినా ఇదే గొడవ. చూడ్డానికి మెరుస్తుంది, తెల్ల పూత ముందు నిలవదు. ఎవరైనా ‘సిల్వర్ కోటింగ్ ఇంకా చవక’ అంటే వద్దని చెప్పండి.

ఈ రెండు గుణాలనూ కలిపి కట్టిన లెక్కే ఎస్‌ఆర్‌ఐ (సోలార్ రిఫ్లెక్టెన్స్ ఇండెక్స్). ఒక ప్రామాణిక నల్ల ఉపరితలానికి సున్నా, ప్రామాణిక తెల్ల ఉపరితలానికి 100 అని పెట్టుకున్నారు. ఆ తెలుపు ఎండలో 80 శాతం తిప్పికొట్టేది. అంతకంటే మెరుగైన పూతకు 100 దాటి 105, 108 అని కూడా వస్తుంది. అది శాతం కాదు. ‘మాది 108 శాతం ఎండని వెనక్కి పంపుతుంది’ అని ఒకతను నా ఎదుటే ఒక ఇంటావిడకు చెప్పాడు, నాకు బాధేసింది. మీ డీలరును ఎస్‌ఆర్‌ఐ రిపోర్టు అడగండి. కొత్తప్పటి అంకెతో పాటు మూడేళ్లు ఎండావానలు తిన్నాక వచ్చే అంకె కూడా అడగండి. రెండోదే మీరు కొంటున్నది. కంటికి తెల్లగా ఉంది కదా అని నమ్మడానికి లేదు, ఎందుకంటే ఎండలోని శక్తిలో సగానికి పైగా కంటికి కనపడని పరారుణ కాంతిలో ఉంటుంది. దాన్ని తిప్పికొడుతుందో లేదో కొలిస్తేనే తెలుస్తుంది.

లోపల గాజు పూసలున్నాయి, సిరామిక్ ఉంది, ఇన్సులేషన్‌లా పనిచేస్తుంది అని కూడా చెప్తారు. అర మిల్లీమీటరు మందం పూత వేడిని అడ్డుకోలేదు, ఎండను తిప్పికొట్టగలదు అంతే. అడ్డుకోవాలంటే అంగుళాల మందం కావాలి.

పది డిగ్రీల మాట ఎక్కణ్నుంచి వచ్చిందంటే, డాబా పైభాగం నిజంగానే అంత చల్లబడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మా డాబాలో సగం పూత వేసి, సగం వదిలేసి, మే నెల మధ్యాహ్నం రెండింటికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూశాను. వట్టి సిమెంటు 57, పూత మీద 41. చెప్పులు విడిచి ఒక కాలు అటు, ఒక కాలు ఇటు పెడితే పరికరం కూడా అక్కర్లేదు. కానీ మనం పడుకునేది డాబా కింద. శ్లాబు దాటి సీలింగ్‌కి వచ్చేసరికి ఆ తేడా నాలుగైదు డిగ్రీలు అవుతుంది, గది గాలిలో రెండు మూడు. డీలరు పైఅంకె తీసుకొచ్చి గదికి అంటించాడు. ఆ రెండు మూడును తక్కువగా చూడకండి. సీలింగ్ నుంచి దిగే సెగ తగ్గడం వల్ల ఒంటికి తెలిసే తేడా థర్మామీటరు చూపే తేడా కంటే పెద్దది. మా అమ్మ ఆ ఏడు మంచం డాబా మీదికి మోయించుకోవడం మానేసింది.

బిల్లు సంగతి నిక్కచ్చిగా చెప్తాను, చాలామంది ఇక్కడే మోసపోతారు. మన దేశంలో కొలిచిన అంకెల్లో నేను నమ్మేవి హైదరాబాద్‌వి. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల వాళ్లు, మన ఐఐఐటీ వాళ్లు కలిసి అక్కడి భవనాల మీద తెల్ల పూత వేసి కొలిచారు. వట్టి కాంక్రీటు కప్పుకి పూత వేస్తే ఏడాదికి చదరపు మీటరుకు 13, 14 యూనిట్లు మిగిలాయి, అంటే చల్లబరచడానికి అయ్యే కరెంటులో 10 నుంచి 19 శాతం. మొత్తం బిల్లులో కాదు, ఏసీ ఖర్చులో. అదీ పగలంతా ఏసీ నడిచే భవనం. మీకు ఏసీ ఉన్నది ఒక్క గదిలో. 12 అడుగులకు 12 అడుగుల గది అనుకుంటే 13 చదరపు మీటర్లు. ఆ లెక్కనే పట్టుకున్నా ఏడాదికి 180 యూనిట్లు. మీరు రాత్రిపూటే వేస్తారు కాబట్టి ఇంకా అటూఇటూ అవుతుంది. దాంతో 45,000 రూపాయలు తిరిగి రావు. అలా వస్తాయని చెప్పి మీ చేత వేయించడం నాకు ఇష్టం లేదు.

ఒకటి మాత్రం గమనించండి. తమిళనాడులో రీడింగ్ రెండు నెలలకోసారి తీస్తారు. 500 యూనిట్లు దాటితే దాటిన యూనిట్లకే కాదు, కింది యూనిట్లలో కొన్నిటికి కూడా రేటు పెరుగుతుంది. మీ ఏప్రిల్, మే బిల్లు 520, 540 దగ్గర ఆడుతుంటే, ఆ కాస్త తగ్గింపు మిమ్మల్ని గీత ఇవతలికి తెస్తుంది. సీలింగ్ సెగ తగ్గాక ఏసీని 23 నుంచి 25కి పెంచగలిగితే అది ఇంకా పెద్ద లాభం. ఒక్కో డిగ్రీకి దాదాపు 6 శాతం మిగులుతుందని కేంద్రంలోని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెప్తోంది. అయినా నా లెక్కలో మీరు డబ్బు పెడుతున్నది హాల్లో ఏసీ లేకుండా పడుకునే మనిషి కోసం. అందుకే వేయించమన్నాను.

ఇప్పుడు అసలు పని. ఏ కంపెనీది మంచిదని నన్ను రోజూ అడుగుతారు. నేను డబ్బా పేరు చెప్పను, ముందు డాబా చూపించమంటాను. పూత లేచిపోయిన ఇళ్లు నేను చూసినవాటిలో తప్పు పెయింటుది అయినవి తక్కువ. అడుగున తడి, మురికి, నీటివాటం లేకపోవడం, ఇవే.

2011లో మాధవరంలో ఒక ఇంటికి దీపావళి ముందు పూత వేశాను. అప్పటికే రెండు వానలు పడి ఉన్నాయి. ఒక్కరోజు ఎండ కాసింది, పైన పొడిగా కనిపించింది, ఇంటాయన పండగలోపు కావాలన్నాడు, నేను ఒప్పుకున్నాను. సంక్రాంతికి వెళ్లి చూస్తే డాబా అంతా అప్పడంలా బొబ్బలు. శ్లాబు లోపల చిక్కిన నీరు ఎండకు ఆవిరై పైకి వచ్చి, దారిలేక పూతను ఎత్తేసింది. మొత్తం గీకించి నా ఖర్చుతో మళ్లీ వేశాను. అప్పటినుంచి అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో ఎంత డబ్బిస్తానన్నా పూత పని ఒప్పుకోను. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. అవి వెళ్లాక జనవరి అంతా డాబాను ఎండనిచ్చి, ఫిబ్రవరి, మార్చిల్లో వేయాలి.

ఎండిందో లేదో కంటితో తేల్చుకోకండి. రెండడుగుల పాలిథీన్ షీటు తీసుకుని సాయంత్రం డాబా మీద నాలుగు అంచులా టేపుతో అతికించండి. మర్నాడు మధ్యాహ్నం తీసి అడుగున చూడండి. చెమ్మ బొట్లు ఉన్నా, కింద సిమెంటు ముదురు రంగుకు తిరిగినా ఇంకా ఆగాలి. మూడు నాలుగు చోట్ల చేయండి, ట్యాంకు పక్కన తప్పకుండా.

తర్వాత నీటివాటం. పది బిందెల నీళ్లు పోసి గంట తర్వాత పైకి వెళ్లండి. ఎక్కడ మడుగు కట్టిందో సుద్దముక్కతో చుట్టూ గీత గీయండి. అక్కడ వాటం సరిచేయకుండా పూత వేస్తే మొదట ఊడేది ఆ గీతల లోపలే. తూము దగ్గర, పిట్టగోడ డాబాని కలిసే మూలల్లో పగుళ్లు ఉంటే తెరిచి పూడ్చాలి. పాకుడు ఉన్నచోట బ్లీచింగ్ పౌడరు నీళ్లు పోసి, వైరు బ్రష్‌తో రుద్ది, రెండుసార్లు కడగాలి. గోరుతో గీరితే పొడి రాలే సిమెంటు మీద ఏ పూతా నిలవదు.

మీ డాబా పైన ఏముందో మీరు రాయలేదు. కొళత్తూరులో కాస్త పాత ఇల్లయితే ఎర్ర తట్టు ఓడు, అంటే చదునైన మట్టి పెంకులు ఉండొచ్చు. వెనకటి మేస్త్రీలు శ్లాబు మీద ఇటుక జల్లి (ఇటుక ముక్కలు), సున్నం మూడు నాలుగు అంగుళాలు వేసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్కబల్లలతో రోజుల తరబడి కొట్టించి, దానిపైన ఈ పెంకులు పరిచేవాళ్లు. అది ఎండకూ వానకూ కలిపి చేసిన పని. జల్లిలోని సందులు వేడిని నిజంగానే అడ్డుకుంటాయి. జార్జిటౌన్ వైపు పాత మద్రాసు టెర్రస్ ఇళ్లలో మధ్యాహ్నం ఎందుకు అంత చల్లగా ఉంటుందంటే ఇదీ ఒక కారణం. మీది అలాంటిదైతే దాన్ని తవ్వించమని ఎవరు చెప్పినా వినకండి. పెంకుల సందులు సరిచేయించి, నాణెంతో తట్టి బోలుగా మోగే పెంకులు మార్పించి, దానిమీదే తెల్ల పూత వేయించండి. పెంకు ప్రైమరును బాగా తాగుతుంది, దానికి లెక్క వేసుకోండి.

వేసే రోజు మీరో, మీ ఆయనో పైన ఉండండి. డబ్బా మీద ఒక లీటరు ఎన్ని చదరపు అడుగులకు వస్తుందో రాసి ఉంటుంది. దాన్నిబట్టి వెయ్యి అడుగులకు ఎన్ని లీటర్లు పట్టాలో ముందే లెక్కగట్టి, అన్ని డబ్బాలూ మీ ఎదుటే మూత తీయించండి, ఖాళీవి సాయంత్రం లెక్కపెట్టండి. ఈ పనిలో ఎక్కువ దొంగతనం నీళ్లు కలపడంలో జరుగుతుంది. తెల్లగానే కనిపిస్తుంది, మందం ఉండదు, రెండో వేసవికి సిమెంటు బయటపడుతుంది. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి పదింటికి ఆపేయాలి. మిట్టమధ్యాహ్నం కాలే శ్లాబు మీద రోలరు తిప్పితే పూతలో నీరు ఒక్కసారిగా ఆవిరై పట్టు రాదు. మొదటి కోటు నిలువుగా, పూర్తిగా ఆరాక రెండోది అడ్డంగా.

45 రూపాయల్లో కడగడం, పగుళ్లు, ప్రైమరు, రెండు కోట్లు అన్నీ ఉన్నాయా అని రాయించుకోండి. అంత పెట్టలేకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు, గుల్ల సున్నం ఉంది. బాగా నానబెట్టి వడకట్టిన సున్నం రెండు మూడు పూతలు వేస్తే ఆ వేసవికి ఖరీదైన పూతకు దగ్గరగానే పనిచేస్తుంది. అక్టోబరు వానలకు పోతుంది, మళ్లీ ఫిబ్రవరిలో వేసుకోవాలి. అద్దె ఇళ్లవాళ్లకు నేను అదే చెప్తాను. తెల్ల చైనా మొజాయిక్, అంటే పగిలిన తెల్ల టైలు ముక్కలు పరిచే పని, చాలా ఏళ్లు నిలుస్తుంది, కానీ బరువు. పాత శ్లాబు మీద ఇంజనీరును అడగకుండా వద్దు.

ఏది వేసినా మాసిపోతుంది. దుమ్ము, కాకిరెట్టలు, వానకాలపు నల్ల బూజు, వీటివల్ల మొదటి ఏడాది రెండేళ్లలోనే తెలుపు బాగా పడిపోతుంది. ఏటా మార్చిలో ఒకసారి మెత్తని చీపురుతో సబ్బునీళ్లు పోసి కడిగితే చాలావరకు తిరిగొస్తుంది. నల్ల ట్యాంకు ఉంటే దానికీ బయట తెల్లరంగు వేయించండి, సాయంత్రం కుళాయి నీళ్లు చెయ్యి కాల్చవు. తెల్ల డాబా మీద వడియాలు ఎండుతాయా అని మా ఆవిడ భయపడింది. ఎండుతాయి, ఎండ పైనుంచే కదా పడేది. తడి ఉన్నప్పుడు మాత్రం కాలు జారుతుంది, అత్తగారిని జాగ్రత్తగా నడవమనండి.

ఒక్కమాట మీ ఇంటిది కాదు, కానీ చెప్పకుండా ఉండలేను. మన తెలుగువాళ్లు ఎందరో వ్యాసర్పాడి వైపు రేకుల ఇళ్లలో ఉన్నారు. రేకుకు శ్లాబులా ఎండను దాచుకునే మందం లేదు, వేడి నిమిషాల్లో కిందికి దిగుతుంది. అక్కడ తెల్ల పూత వేస్తే ఫలితం ఆ మధ్యాహ్నమే తెలుస్తుంది. పై అంతస్తు డాబాల కంటే ముందు పూత పడాల్సింది వాటికి. మీ ఇంట్లో పనిచేసే ఆవిడది రేకుల ఇల్లయితే మిగిలిన డబ్బా ఆవిడకివ్వండి. ఆస్‌బెస్టాస్ రేకైతే వైరు బ్రష్ పెట్టకూడదు, ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి, మెత్తగా కడగాలి. రేకు మీద కాలు పెట్టి నడవకూడదు, విరుగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల కప్పులు లక్ష్యం. 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి చేశారు. మంచిదే, కానీ ఎండకు ఎక్కువ నలిగేది అరవై గజాల ఇంటివాళ్లు.

ఇక మీ తడి మరక. ట్యాంకు దిమ్మె కింద అంటే పైపు జాయింటు కారుతుండాలి, లేదా దిమ్మె, డాబా కలిసే గీతలో పగులు ఉండాలి. ట్యాంకు ఖాళీ చేసి నాలుగు రోజులు ఆగండి. మరక పాలిపోతే పైపుది, ప్లంబరును పిలవండి. అలాగే ఉంటే దిమ్మె చుట్టూ తెరిపించాలి. అది తేలి, ఆ మూల పాలిథీన్ షీటు పొడిగా వచ్చేదాకా డీలరుకు అడ్వాన్సు ఇవ్వకండి.